రెండో తాళంచెవి

నన్ను కప్ప అంటారు. అరవను, గెంతను. వానలు మొదలైతే అసలు కప్పలకి సంబరం, నాకు బెంగ. ఒళ్లు ఇత్తడిదే గాని లోపలి స్ప్రింగులు ఇనపవి, తుప్పు పడతాయి. పుట్టింది అలీగఢ్‌లో. తాళాలకి ఆ ఊరు పెట్టింది పేరు. ఆరు లివర్ల కప్పని. లివర్లంటే లోపల ఒకదాని మీద ఒకటి పేర్చిన సన్నటి రేకులు. చెవికున్న పళ్లు ఒక్కో రేకునీ దానికి తగ్గ ఎత్తుకి లేపాలి. ఆరూ ఒక్కసారే లేస్తే గడియ కదులుతుంది. అయిదు లేచి ఆరోది వెంట్రుకవాసి తగ్గినా నేను ఒప్పుకోను. మొండితనం అనుకోకండి, నా కొలువే అది.

1991లో తాడేపల్లిగూడెంలో ఒక ఇనపసామాన్ల కొట్లో ఆయన నన్ను కొన్నాడు. పెళ్లయి నలభై రోజులు. మర్నాడు ప్రయాణం. పాత తాళం పోయిందని కొట్టుకొచ్చాడు. చేతిలో ఎగరేసి బరువు చూసుకుని, బేరమాడకుండా డబ్బిచ్చేశాడు. సెలవు అయిపోయే రోజున బేరం ఆడటానికి ఎవరికి మనసొస్తుంది? నాతోపాటు రెండు చెవులు, ఒకే తీగకి గుచ్చినవి. కవలలు. పక్కపక్కన పెడితే ఏది ఏదో నాకే తెలిసేది కాదు.

నన్ను తగిలించింది నల్లరంగు ట్రంకు పెట్టెకి. అది తన గొప్పలు తాను ఒంటినిండా రాయించుకుంది. తెల్లరంగుతో నంబరు, ర్యాంకు, పేరు, ఊరు, పోస్టు, దిగాల్సిన రైల్వే స్టేషను. నేను చేరేసరికి దాని మీద ‘గన్నర్’ అని ఉండేది. ఆ తర్వాత ఆ మాట మీద నల్లరంగు పూసి ‘లాన్స్ నాయక్’ అని, దాని మీద మళ్లీ పూసి ‘నాయక్’ అని, చివరికి ‘హవల్దార్’ అని రాయించారు. ఆ చోట రంగు ఎంత మందం కట్టిందంటే వేలితో తడిమితే ఆయన సర్వీసంతా తగిలేది.

ఆ రాత్రి పెట్టె సర్దుతుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఆయనకి మేనమామ కూతురే. చిన్నప్పట్నుంచీ నోరారా ‘బావా’ అని పిలిచిన మనిషికి పెళ్లయ్యాక ‘ఏవండీ’ అనడం రాలేదు. అత్తగారు మేనత్తే గనక ఆ ఇంట్లో అదొక తప్పూ కాలేదు.

“రెండో చెవి నాకియ్యి బావా.”

“పెట్టె నాతో వస్తుంటే చెవి నీకెందుకే?”

“ఉండనీ.”

ఇచ్చాడు. పుస్తెలతాడుకి ఉన్న పిన్నీసుల్లో ఒకదానికి గుచ్చుకుంది. పొద్దున్నే అత్తగారు చూసి, “ఇదేంటే, బీరువా కొన్నాడా వాడు?” అంది. ఆవిడ జవాబు చెప్పలేదు. తన చెవి ఎక్కడో, అది తెరవాల్సిన కప్ప ఎక్కడో. పంతొమ్మిదేళ్లు మేం ముగ్గురం బతికింది అలాగే.

మా వైపు మిలటరీ సంబంధమంటే ఎవరూ బెదరరు. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన మాధవరం మాకు దగ్గర్లోనే ఉంది. మిలటరీ మాధవరం అంటే గాని బస్సు కండక్టరు కూడా పోల్చుకోడు. అయినా ఊరు అలవాటుపడటం వేరు, పెళ్లయిన నలభై ఒకటో రోజున ప్లాట్‌ఫారం మీద నిలబడటం వేరు. సిపాయికి ఏడాదికి 60 రోజులు ఆన్యువల్ లీవు, 30 రోజులు క్యాజువల్. ఒక్కరోజు కూడా కోత పడలేదనుకుని లెక్కేద్దాం. 17 ఏళ్లకి ఏడాదికి మూడు నెలల చొప్పున 51 నెలలు. దేవలాలీలో కలిసున్న రెండేళ్లూ కలిపితే ఆరేళ్ల మూడు నెలలు. 19 ఏళ్ల కాపురంలో అదీ మొత్తం. అందులో రైళ్లలో పోయిన రోజులు నేను తీసెయ్యలేదు. విజయవాడలో జి.టి. ఎక్కి ఢిల్లీ, అక్కణ్నుంచి జమ్మూ, అక్కడ ట్రాన్సిట్ క్యాంపులో బండి కోసం పడిగాపులు. ఆ రోజులన్నీ సీటు కింద గొలుసుకి కట్టిన పెట్టెతోబాటు నేనూ ఉన్నాను గనక నాకు బాగా గుర్తు.

యూనిట్‌కి చేరాక నా పని రోజుకి రెండుసార్లు. పొద్దున సబ్బు కోసం ఒకసారి, రాత్రి రోల్‌కాల్ అయ్యాక ఉత్తరాల కోసం ఒకసారి. ఆయన చెవి మొలతాడుకి ఉండేది. వాడివాడి దాని పళ్లు గుండ్రబడ్డాయి. చీకట్లో కూడా తడుముకోకుండా నాలోకి దూరేది.

ఆవిడ ఉత్తరాలన్నీ ‘కేరాఫ్ 56 ఏ.పి.ఓ.’కి వచ్చేవి. మొదటేడు ఆవిడ ఆ ఊరు ఎక్కడుందోనని మరిది స్కూలు అట్లాసంతా వెతికిందట. 56 ఏ.పి.ఓ. ఊరు కాదు. ఫీల్డులో ఉన్న పటాలాలకి ఢిల్లీలో ఒక బేస్ పోస్టాఫీసు ఉంటుంది. ఉత్తరాలన్నీ అక్కడికి చేరి, ఏ యూనిట్ ఏ కొండమీదుందో తెలిసినవాళ్లు విడదీసి పైకి పంపుతారు. తూర్పు వైపు వాళ్లకి కలకత్తా నుంచి 99 ఏ.పి.ఓ. అంటే మొగుడు హిమాలయాల్లో ఉన్నా, రాజస్థాన్ ఇసకలో ఉన్నా పెళ్లానికి ఒకటే అడ్రసు. ఎక్కడున్నాడో ఆయన రాయకూడదు. “ఇక్కడ చలిగా ఉంది” అని రాస్తే ఉత్తరాది అని, “నీళ్లకి ఇబ్బంది” అని రాస్తే ఎడారి అని ఆవిడే పోల్చుకునేది.

ఉత్తరాలు వరసలో రావు. పది రోజులు ఒక్కటీ రాదు, పదకొండో రోజు మూడొస్తాయి. గేదె చచ్చిపోయిందన్న ఉత్తరం ముందొచ్చి, గేదె ఈనిందన్నది వెనకొస్తుంది. అందుకని పాత సిపాయిలు చెప్పిన కిటుకు ఆయన ఆవిడకి నేర్పాడు. ప్రతి ఉత్తరం మీదా పై మూల అంకె వెయ్యాలి. ఆవిడ అంకె వేసి దాని చుట్టూ సున్నా చుట్టేది. ఆయన నన్ను తీసి మూత మీద పెట్టి, వరస ప్రకారం పేర్చుకుని, పెదాలు కదుపుతూ చదివేవాడు. అలా విన్నాను గనకే వాళ్ల కాపురం నాకు తెలిసింది. వాటిలో ప్రేమ అన్న మాట ఎక్కడా ఉండేది కాదు. కాలవ వదిలారు. దమ్ము చేయిస్తున్నాం. మావిడికాయ ముక్కలు ఎండలో పోశాం, నీకో జాడీ తీసి ఉంచా. ఆ జాడీ ఏటా తీసి ఉంచేది. సెలవుకి ఆయన వచ్చేసరికి అది పాతావకాయ అయ్యేది. ఆయన అదే బావుందనేవాడు. నిజం చెప్పాడో లేదో నాకు తెలీదు.

1996లో యూనిట్‌కి దేవలాలీ వచ్చింది. నాసిక్ పక్కన, ఫిరంగి దళాల బడి ఉన్న ఊరు. పీస్ స్టేషన్, ఫ్యామిలీ క్వార్టరు దొరికింది. ఆ ఊరికొక పాత కథ ఉంది. తెల్లదొరల కాలంలో సర్వీసయిపోయిన సోల్జర్లు ఓడ కోసం అక్కడే నెలలకి నెలలు కాచుకునేవాళ్లట. ఎదురుచూసి చూసి మతి తప్పేవాళ్లట. చివరికి ఇంగ్లీషులో పిచ్చెక్కడానికి ఆ ఊరి పేరే ‘డూలాలీ’ అని మాటై కూర్చుంది. మా ముగ్గురికీ మాత్రం ఎదురుచూడ్డం ఆగింది ఆ ఊళ్లోనే. రెండు చెవులూ ఒకే మేకుకి వేలాడాయి. గాలికి ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగేవి. రెండేళ్లలో ఆవిడ హిందీలో కూరలు బేరమాడటం నేర్చింది, 1997లో పాప పుట్టింది, ఒక్క ఉత్తరమూ పుట్టలేదు. సుఖంగా ఉన్నవాళ్ల గురించి తాళంకప్పకి చెప్పడానికి ఏముంటుంది? నన్ను వేసేవాళ్లే కాదు.

1998 నడిమికి మళ్లీ ఫీల్డు. కుటుంబాలు ఇళ్లకి, యూనిట్ కాశ్మీరుకి. చెవి మళ్లీ పిన్నీసుకెక్కింది. ఉత్తరాల అంకె మళ్లీ ఒకటితో మొదలైంది.

1999 మార్చిలో ఆవిడ నాన్న పోయాడు. ఆయనకి మేనమామ, పిల్లనిచ్చిన మావ. టెలిగ్రాం ఇచ్చారు. ఆయన ముందుండే అబ్జర్వేషన్ పోస్టు మీద ఉన్నాడు. కాగితం కొండ ఎక్కి ఆయన చేతికి చేరేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. ఆ రాత్రి ఆయన పెట్టె తెరిచి, ఏమీ తియ్యకుండా మళ్లీ మూశాడు. జూన్‌లో సెలవు రాసిచ్చారు. వస్తున్నానని ఉత్తరం రాశాడు. మే నెలలో అందరి సెలవులూ రద్దయ్యాయి.

కార్గిల్ యుద్ధం నేను చూడలేదు. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. ఫిరంగులు ముందుకెళ్లేటప్పుడు సిపాయిలు పెట్టెలన్నీ వెనక స్టోరులో అప్పజెప్పి వెళ్తారు. పేర్ల జాబితా రాసుకుని, ఒకదాని మీద ఒకటి పేర్చారు. పెట్టె ఇక్కడ, ఒక చెవి ఆయన మొలతాడుకి ద్రాస్ వైపు, ఇంకోటి మా ఊళ్లో. రెండున్నర లక్షల గుళ్లూ రాకెట్లూ పేలాయని తర్వాత చెప్పుకున్నారు. నాకు వినపడింది ఎలకల చప్పుడు.

ఒకరోజు ముగ్గురు వచ్చారు. ఒక ఆఫీసరు, ఒక సుబేదార్ సాబ్, కాగితాలతో ఒక క్లర్కు. నా పక్కనున్న పెట్టెని కిందకి దించారు. దాని చెవి దొరకలేదు, యజమానితోనే పోయింది. సుత్తి తెప్పించారు. మూడో దెబ్బకి విరిగింది. నాకన్నా పెద్ద కప్ప, ఎనిమిది లివర్లది. ఆ తర్వాత ఒక్కో వస్తువూ పైకి తీస్తూ సుబేదార్ చదువుతుంటే క్లర్కు రాసుకున్నాడు. స్వెట్టరు ఒకటి. షేవింగ్ సెట్టు ఒకటి. ఫొటో ఒకటి. గాజులు, డబ్బాలో పెట్టినవి, డజను. ఉత్తరాల కట్ట ఒకటి. ఉత్తరాలు ఎవరూ విప్పలేదు. పోయినవాడి సామాను ఇంటికి పంపేముందు ఇలా లెక్క రాయడానికి చట్టమే ఉందట, ఆ లెక్క రాసేవాళ్లని కమిటీ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్ అంటారు. విరిగిన కప్పని మూలకి తన్నారు. దాని రెండో చెవి ఎవరి మెడలో ఉందో అని నేను రాత్రంతా అదే ఆలోచించాను. ఆ వేసవిలో అలా మొత్తం నాలుగు సుత్తులు విన్నాను. బూట్ల చప్పుడైన ప్రతిసారీ, ఆ బూట్లు నా ముందు ఆగకుండా ఉంటే చాలనుకున్నాను.

హైదరాబాదు నుంచి వెళ్లిన మేజర్ పద్మపాణి ఆచార్య సంగతి మా ఆయన నోటే తర్వాత విన్నాను. 2 రాజపుతానా రైఫిల్స్. జూన్ 28న పోయాడు. మహావీర్ చక్ర ఇచ్చారు. ఆయన కూతురు ఆయన పోయాకే పుట్టింది. ఆ యుద్ధంలో మనవాళ్లు 527 మంది. అన్ని పెట్టెలు.

ఆగస్టులో మా ఆయన వచ్చాడు. ఒళ్లు సగమైంది, చెవుల్లో హోరు ఉండిపోయింది. పక్కనుంచి పిలిస్తే పలికేవాడు కాదు. చెవి తిప్పి పెట్టె తెరిచి, జేబులోంచి నలిగిన ఉత్తరాలు తీసి వరసగా పేర్చాడు. 38. 39. 40. 42.

ఆగాడు. జేబులన్నీ వెతికాడు. మళ్లీ పేర్చాడు. 40 చదివాడు, పెదాలు కదుపుతూ. “నీకు మేనమామ, నాకు నాన్న. ఇద్దరికీ కలిపి నేనొక్కదాన్నే ఏడ్చాను. జూన్‌కి వస్తానన్నావు, రాలేదు. నీ కోసం చూడ్డం నాకు చాతకావట్లేదు బావా. ఏం చెయ్యాలో ఆలోచించుకుని రాస్తాను.” అంతే ఉంది. 42లో అందరం క్షేమం, పాపకి మాటలొచ్చాయి, ఊడ్పులయ్యాయి. ఆలోచించుకుని రాసింది ఏమిటో ఆ మధ్యదాన్లో ఉండాలి. అది లేదు. ఆయన 40కీ 42కీ మధ్య ఒక తెల్లకాగితం ముక్క పెట్టి కట్ట కట్టాడు.

అడుగుతాడనుకున్నాను. సెలవుకి వెళ్లినా అడగలేదు. ఆవిడా ఎత్తలేదు. ఆయనకి వినపడాలంటే గట్టిగా మాట్లాడాలి, పక్కగదిలో అత్తగారూ మావగారూ. రాత్రి గుసగుసగా చెప్పుకోవాల్సినవన్నీ ఆ ఫిరంగుల మోతలో పోయాయి. పగలు చెప్పుకునేవి మాత్రం మిగిలాయి.

తర్వాతి పదేళ్లు తొందరగా చెప్పేస్తాను. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక పటాలాలన్నీ సరిహద్దుకి నడిచాయి. పది నెలలు, ఎడారి, మళ్లీ సెలవుల్లేవు. యుద్ధమూ రాలేదు, ఆయనా రాలేదు. అంతకుముందు ఊళ్లో ఎస్.టి.డి. బూతు ఉండేది, రాత్రి పదకొండు దాటితే పావు రేటు, ఆవిడ నిద్రపోతున్న పాపని భుజానేసుకుని వరసలో నిలబడేది. ఆ తర్వాత సెల్లు వచ్చింది. ఉత్తరాలు ఆగిపోయాయి. మాటలు పెట్టెలో పట్టవు. నా మీద నాకే గౌరవం తగ్గింది.

2010లో ఇరవై నాలుగేళ్ల సర్వీసు పూర్తయి హవల్దారుగా పెన్షన్‌కొచ్చాడు. స్టేషన్లో దండలు, ఇంట్లో పాయసం. పెట్టె మంచం కిందకి చేరింది. అసలు తంటా అప్పుడు మొదలైంది.

తెల్లారగట్ల నాలుగున్నరకి లేచి ఇల్లంతా లేపేవాడు. కౌలు ఎందుకు తక్కువకిచ్చావన్నాడు. బ్యాంకులో ఆ స్కీములో ఎవరెయ్యమన్నారన్నాడు. పదమూడేళ్ల కూతురు ఆయన గదిలోకొస్తే లేచి నిలబడేది, అది ఆయనకి నచ్చింది, ఆవిడకి నచ్చలేదు. “నువ్వు లేనప్పుడు ఈ ఇల్లు నడిచింది బావా, చుట్టంలా కొన్నాళ్లు కూచుని చూడు” అంది ఒకరోజు. ఆయనకి సగమే వినపడింది, చుట్టం అన్న సగం. రెండు రోజులు మాటల్లేవు. పైగా ఇంట్లో కూడా నన్ను వేసేవాడు. తువ్వాలు తీసినా మళ్లీ తాళమే. “ఎవరు దొంగలిక్కడ? నేనా, నీ కూతురా?” అని అడిగింది. అలవాటు అన్నాడు. ఇలాంటి అలవాటు ఇంట్లోవాళ్లకి ఎంత గుచ్చుకుంటుందో పెట్టెకి బయట వేలాడే నాకు తెలుసు, ఆయనకి తెలీదు.

కార్తీకమాసంలో కాలవలో స్నానానికి దిగి ఆయన చెవి పారేసుకున్నాడు. మొలతాడు పుటుక్కున తెగింది. ఎడారిలో పోలేదు, మంచులో పోలేదు, మా ఊరి కాలవ రేవులో పోయింది. నవంబరు. పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, డిశ్చార్జి బుక్కు పెట్టెలో ఉంది. సుత్తి తెమ్మన్నాడు.

సుత్తి అన్న మాటకి నా గడియ బిగుసుకుపోయింది.

“ఆగు” అంది ఆవిడ. పిన్నీసు విప్పింది.

ఆ చెవి నాలోకి వచ్చింది గాని తిరగలేదు. చెప్పానుగా, కవలలని. ఇప్పుడు కావు. ఆయనది అరిగి నున్నబడింది. ఆవిడది పళ్ల అంచున ఆకురాయి గీసిన గరుకు అలాగే ఉంది, సందుల్లో పంతొమ్మిదేళ్ల పసుపూ, చెమటా, సున్నిపిండీ గట్టిపడి ఉన్నాయి. నాలుగు లివర్లు లేచాయి, రెండు లేవలేదు. ఆయన బలవంతంగా తిప్పబోయాడు. “విరుగుద్ది, ఇలా ఇయ్యి” అని లాక్కుని వంటింట్లోకి వెళ్లింది. చింతపండు పెట్టి తోమింది. పిన్నీసు మొనతో ఒక్కో పంటి సందూ గీకింది. నా నోట్లో రెండు చుక్కల కిరసనాయిలు పోసింది. ఆయన పీట మీద కూచుని చూస్తున్నాడు. ముందుకీ వెనక్కీ, కొంచెం కొంచెంగా, ఊపుతూ తిప్పింది. అరగంట పట్టింది. అయిదోది లేచింది. ఆరోది లేచింది.

పెట్టె తెరవగానే డిశ్చార్జి బుక్కు పైనే ఉంది. ఆయన దాన్ని పక్కన పెట్టి, అడుగునుంచి ఒక కట్ట తీశాడు. తాడు విప్పి తెల్లకాగితం ముక్క చూపించాడు.

“నలభై ఒకటి ఏమైంది?”

“ఏ నలభై ఒకటి?”

కట్ట చేతిలో పెట్టాడు. ఆవిడ 40 చూసింది, 42 చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు.

“అది రాస్తేగా.”

“ఆఁ?”

“రాయలేదు అంటున్నా!” అని అరిచింది. “ఒక అంకె వదిలేశాను. గుళ్లు లెక్కపెట్టేవాడివి కదా, ఒకటి తగ్గిందేమని నువ్వే అడుగుతావని. అడిగితే అప్పుడు రాద్దామని.”

“దార్లో పోయిందనుకున్నా.”

“పోతే అడగవా?”

“ఇంక నావల్ల కాదని రాశావేమో అనుకున్నా. అడిగితే మళ్లీ రాసి పంపుతావని.”

“పదకొండేళ్లు?”

ఆయన జవాబు చెప్పలేదు. ఆ కేకలకి పక్కింటావిడ గోడమీంచి తొంగి చూసి, ఏదో గొడవనుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం కూతురి నోట్సులోంచి ఆవిడ ఒక కాగితం చింపింది. వీధరుగు మీద కూచుని రాసింది. పై మూల అంకె వేసి సున్నా చుట్టింది. మడిచి తెచ్చి ఆయన ఒళ్లో పడేసి పొయ్యి దగ్గరకి వెళ్లిపోయింది. నేను మూత మీద, నోరు తెరుచుకుని ఉన్నాను. ఆయన అద్దాలు పెట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు. ఈసారి పెదాలు కదపలేదు.

తెల్లకాగితం ముక్క తీసేసి ఆ చోట దీన్ని పెట్టాడు. మూత వేశాడు. అలవాటుగా నన్ను తగిలించి నొక్కాడు. చెవి ఆవిడ దగ్గరుందని అప్పుడు గుర్తొచ్చినట్టుంది, వంటింటి వైపు చూశాడు.

ఆవిడ పిన్నీసు పెట్టుకుంటోంది.